ప్రహరీ గోడలో పన్నెండు గాజుబిళ్ళలు

దాట్ల వరాహరాజు గారు కొండ మీద మూడు రోజుల శిక్షణకు వెళ్ళి వచ్చేదాకా ఆ ఫ్యాక్టరీకి కిటికీలుండేవి.

కిటికీలే కాదు, వేళకు తెరుచుకునే తలుపులుండేవి, సామాను లారీలు వచ్చిపోయే గేట్లు మూడుండేవి. ఒంటిగంటకు ఇళ్ళ నుంచి భోజనం క్యారియర్లు వచ్చేవి. వరాహరాజు గారు ఆ ఫ్యాక్టరీకి మేనేజింగ్ డైరెక్టరు. సొంతూరు భీమవరం దగ్గర. ఆయన క్యారియర్‌లో రోజూ చేపల పులుసు ఉండేది. ఆ మూత తీస్తే అకౌంట్స్ సెక్షన్‌లో కూడికలు తప్పేవి.

ఫ్యాక్టరీ విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్ళే దారిలో సముద్రం వైపు ఉంది. అక్కడ తయారయ్యేది ఒకటే వస్తువు. అరచేతిలో పట్టే గుండ్రటి ఇనప బిళ్ళ, దాని మధ్యలోంచి ఒక లోహపు కడ్డీ, ఆ రెంటి మధ్య కరిగించి పోసిన గాజు. గాలి చొరబడకుండా మూసేసిన యంత్రం లోపలికి కరెంటు పంపాలంటే దాని గోడకు కన్నం పెట్టాలి. కన్నం పెడితే లోపలున్న గ్యాసు బయటికి పోతుంది. ఆ కన్నంలో ఈ బిళ్ళ బిగిస్తే కరెంటు పోతుంది, గ్యాసు పోదు. కాగితాల మీద దాని పేరు హెర్మెటికల్లీ సీల్డ్ ఎలక్ట్రికల్ ఫీడ్‌త్రూ. అంత పేరూ పలికేసరికి షిఫ్టు అయిపోతుంది కనక పనివాళ్ళు గాజుబిళ్ళ అనేవారు.

గరికిన పోలమ్మ టెస్టింగ్ సెక్షన్‌లో ఇరవై ఎనిమిదేళ్ళుగా పనిచేస్తోంది. బిళ్ళను యంత్రం మీద పెట్టి, కింద గాలి అంతా లాగేసి, పైన హీలియం చల్లుతుంది. కంటికి ఆనని సందున్నా హీలియం దూరిపోతుంది, యంత్రం కుయ్యిమంటుంది. కుయ్యిమన్నదాన్ని పోలమ్మ పక్కన పడేస్తుంది. ఆమె సరేనన్న బిళ్ళ ఇన్నేళ్ళలో ఒక్కటీ తిరిగి రాలేదు. ఆ మాట ఎవరైనా అంటే "ఆఁ, ఏదోలెండి" అనేది. ఎవరూ అనకపోతే తనే ఎత్తేది.

ఇక శిక్షణ సంగతి. దాని పేరు "వస్తువే గురువు". ఏ సంస్థ ఏ వస్తువు తయారుచేస్తే ఆ వస్తువు సుగుణాలను ఆ సంస్థ అలవరచుకోవాలి, అంతే. మూడు రోజులు ఇదే చెప్పారు, మధ్యలో జీడిపప్పు పెట్టారు. ఆ శిక్షణకు వచ్చిన తాళాల కంపెనీ అధిపతి ఇంకా గదిలోంచి బయటికి రాలేదని తర్వాత తెలిసింది. అగ్గిపెట్టెల కంపెనీ ఏం నేర్చుకుందో కనుక్కుందామంటే, ఇప్పుడు ఆ కంపెనీ లేదు.

వరాహరాజు గారు కొండ దిగిన మర్నాడే నోటీసు బోర్డు మీద ఉత్తర్వు వెలిసింది.

"ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయడమేమనగా, ఫీడ్‌త్రూ అనునది విద్యుత్తును మాత్రమే అనుమతించి అన్యపదార్థమును నిరాకరించును గనుక, సదరు సుగుణమును సంస్థ యావత్తూ తక్షణమే అలవరచుకొనవలెను. నేటి నుండి సంస్థకు చెందిన ఏ గోడ గుండానైనను విద్యుత్తు తప్ప అన్యమేదియు దాటరాదు."

అది ఏప్రిల్ పదిహేను. సముద్రంలో చేపల వేట మీద రెండు నెలల నిషేధం మొదలయ్యేదీ ఆ రోజే. పోలమ్మ తమ్ముడు ఎల్లాజీ తన బోటును ఒడ్డుకు లాగి తాళ్ళతో కట్టేశాడు. అక్కా తమ్ముళ్ళిద్దరికీ ఒకే రోజు దారులు మూసుకుపోయాయి.

మొదట కిటికీలకు సిమెంటు పూశారు. తర్వాత గదికీ గదికీ మధ్య తలుపులు మూసి, అంచుల్లో లప్పం పెట్టారు. గోడకు కన్నం పెట్టి గాజుబిళ్ళ బిగించి, దానికి తీగె కట్టి, అటు ఒక స్విచ్చు, ఇటు ఒక బల్బు పెట్టారు. ఫైళ్ళు కాగితాలు గనక, కాగితం విద్యుత్తు కాదు గనక, ఫైళ్ళు కదలకూడదు. బల్బు ఒకసారి వెలిగితే "తమరి దృష్టికి తీసుకురావడమైనది". రెండుసార్లు వెలిగితే "పరిశీలనలో ఉన్నది". మూడుసార్లు వెలిగితే "తిరస్కరించడమైనది". మంజూరుకు ఎన్నిసార్లు వెలగాలో ఎవరూ నిర్ణయించలేదు. ఆ అవసరం ఎవరికీ తట్టలేదు. అధికారులు దీన్ని ఎంత ఇష్టపడ్డారంటే, కొందరు ఇళ్ళలో కూడా పెట్టించుకున్నారు.

మనుషులు కూడా విద్యుత్తు కారు. ఈ చిక్కు విప్పడానికి ఉపసంఘం వేశారు. మిగిలిన ఒక్క గేటును, గదికొక తలుపును అది "నియంత్రిత లోపము"గా ప్రకటించింది. పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు గేటు లోపాన్ని తెరుస్తారు. సిబ్బంది ఏదీ పట్టుకోకుండా లోపలికి రావాలి, ఏదీ పట్టుకోకుండా బయటికి పోవాలి. భద్రతాధికారి ధర్మలింగం గేటు దగ్గర తూకం మిషను పెట్టించి, వచ్చేటప్పుడొకసారి, పోయేటప్పుడొకసారి తూచేవాడు. రెండు అంకెలూ సమానంగా ఉండాలి.

ఎండాకాలం. సాయంత్రానికి అందరూ చెమటలు కక్కి తేలికయ్యేవారు. స్టోర్స్ గుమస్తా ఒకాయన ఒకరోజు ఆరు వందల గ్రాములు తగ్గాడు.

"సిబ్బందిలో ఆరు వందల గ్రాములు లోపలే ఉండిపోయాయి. అనుమతి లేకుండా ఆవరణలో మీ భాగమును నిల్వ ఉంచినందుకు సంజాయిషీ ఇవ్వండి" అన్నాడు ధర్మలింగం.

"నీళ్ళు తాగొచ్చాండీ?" అన్నాడు ఆయన.

"తాగండి. సరిగ్గా ఆరు వందలు. ఒక్క గుక్క ఎక్కువైనా అక్రమ తరలింపు."

క్యారియర్లు ఆగిపోయాయి. కూర విద్యుత్తు కాదు. లోపల కరెంటు పొయ్యి మీద, లోపలే మిగిలిన గోధుమరవ్వతో ఉప్మా చేసేవారు. వరాహరాజు గారు కూడా అదే తినేవారు. ఆయన తలుచుకుంటే తన ఒక్కడికీ దొడ్డిదారి పెట్టించుకోగలడు. అలా చేయలేదు. నియమం పెట్టినవాడు ముందు తాను మాడాలన్న నిష్ఠ ఆయనది. మనిషి మంచివాడే. అసలు చిక్కు అదే.

మే నెలలో బోర్డు రూముకు "సంపూర్ణ మూసివేత" పండుగ చేశారు. గోడల్లో ఎక్కడైనా సందుందేమో చూడాలి కనక పోలమ్మ చేత హీలియం సిలిండరు తెప్పించి, లోపల కాస్త వదలమన్నారు. బయట గుమస్తా యంత్రం పట్టుకుని నిలబడ్డాడు. వరాహరాజు గారు ప్రసంగానికి లేచి "గౌరవనీయులైన సభ్యులారా" అన్నారు. ఆ గొంతు పిచ్చుక గొంతులా కిచకిచమంటూ వచ్చింది. హీలియం పీలిస్తే గొంతు అలాగే అవుతుంది. ఆయనకు తెలియదు, పోలమ్మకు తెలుసు.

"మన సంస్థ ఘనచరిత్రలో ఇది సువర్ణాక్షర ఘట్టము" అని కిచకిచలాడారు ఆయన. సభలో ఒక్కరూ నవ్వలేదు. నవ్వాపుకున్న ధర్మలింగం ముఖం టమాటా పండైంది. అతను వందన సమర్పణకు లేచి "తమరి దార్శనికత" అని ఇంకా సన్నగా పలికేసరికి అకౌంట్స్ ఆఫీసరు గాలి అందక బల్ల కిందికి జారిపోయాడు. పోలమ్మ సిలిండరు కట్టేసి, మాట వరసకైనా ఎవర్నీ అడక్కుండా తలుపు బద్దలుకొట్టినట్టు తెరిచింది. లేకపోతే వందన సమర్పణ తర్వాత సంతాప సభ పెట్టవలసి వచ్చేది.

ప్రాణాలు కాపాడినందుకు ఆమెకు మెమో వచ్చింది. తలుపు తెరిచిన కారణంగా బోర్డు రూములోని గాలి నియమ విరుద్ధంగా దాటిందట.

హీలియం అయిపోయింది. కొత్త సిలిండరు గేటు దాటి రాకూడదు. మరి గోడలకు పరీక్ష ఎలా? పోలమ్మ లాకర్లో ఎప్పటిదో ఎండు నెత్తళ్ళ డబ్బా ఒకటుంది. ఒకరోజు ఉప్మా ముద్ద దిగక నాలుగు నెత్తళ్ళు కరెంటు పొయ్యి మీద వేయించింది. మూడు గోడల అవతల పర్సనెల్ సెక్షన్‌లో కలకలం రేగింది. వరాహరాజు గారికి అందులో ఒక మహత్తర అవకాశం కనిపించింది. నెత్తళ్ళ వాసనను ప్రామాణిక పరీక్షా వాయువుగా ప్రకటించారు. ఇటు పోలమ్మ వేయించాలి, అటు ముగ్గురు సభ్యుల వాసన సంఘం గోడకు ముక్కులానించి నిలబడాలి. వాసన వస్తే గోడ తప్పినట్టు. ప్రతి గోడా తప్పింది. తప్పిన ప్రతిసారీ సంఘ సభ్యులు నివేదికలో "రుచికరముగా" అని రాసి, తర్వాత కొట్టేసేవారు.

నెలాఖరుకు అసలు ప్రశ్న పుట్టింది. తయారైన గాజుబిళ్ళలు కొన్నవాళ్ళకు పంపాలి కదా. పుట్టించినవాడు ధర్మలింగమే. "సరుకు విద్యుత్తా, అన్యమా?" అని స్విచ్చు నొక్కి అడిగాడు. బల్బు మూడుసార్లు వెలిగింది. అప్పటిదాకా ఆగిన సరుకు లోపలే ఉండిపోయింది, లోపల ఉన్న ఇనుమూ అయిపోయింది. ఇనుము లేక తయారీ ఆగింది. తయారీ ఆగడంతో తప్పిన సరుకు సున్నా అయింది. ఆ సున్నాను బంగారు చట్రంలో కట్టి గోడకు తగిలించారు. పోలమ్మ పరీక్షించి సరేనన్న పదకొండు వందల నలభై బిళ్ళలు స్టోర్స్‌లో అరల నిండా పడి ఉన్నాయి.

ఇదంతా నవ్వుకుంటూ భరించేదే పోలమ్మ, జూన్ ఎనిమిదిన రేవులో ఐసు ఫ్యాక్టరీ చల్లబడకుండా పోకపోతే.

ఆ సాయంత్రం ఆమె ఇంటికి వెళ్ళేసరికి ఎల్లాజీ, ఐసు ఫ్యాక్టరీ యజమాని కర్రి సన్యాసిరావు అరుగు మీద కూర్చుని ఉన్నారు.

"నిషేదం అయిపోతోంది గదా అని మిషన్లు యేసి సూసినాను తల్లీ" అన్నాడు సన్యాసిరావు. "నాలుగు కంప్రెసర్లూ గ్యాసు వొదిలేత్తన్నాయి. కరెంటు లోపలికెళ్ళే కాడ గాజు పగిలిపోనాది. ఒక్కోదానికి మూడేసి, మొత్తం పన్నెండు బిళ్ళలు గావాల. ఆ సైజు మీరు తప్ప ఎవరూ సెయ్యరు. మీ గేటు కాడికెళ్తే తూకం ఏసి పంపేసినారు."

"నిన్ను తూసినారా?"

"తొంబై రెండు కేజీలు. నేనేదో లోపలికి తెచ్చినానని రాసుకున్నారు. నేను లోపలికే ఎళ్ళనేదు."

ఎల్లాజీ నవ్వలేదు. "అప్పా, రెండు నెలల్నుంచి ఒడ్డున కూకున్నాను. పద్నాలుగు దాటితే బోట్లన్నీ ఎల్తాయి. రెండో ఐసు ఫ్యాక్టరీ పెద్ద బోట్లకే సాలదు. ఐసు నేకుండా నేనెళ్ళి ఏటి సెయ్యాల? పట్టిన సేప ఒడ్డుకొచ్చేసరికి కుళ్ళిపోద్ది. ఈసారి ఎళ్ళనేకపోతే బోటు అమ్ముకోవాలప్పా. నాన్న బోటది."

ఆ బోటులో తండ్రి ఒడిలో కూర్చుని వల చిక్కులు తీసిన రోజులు పోలమ్మకు గుర్తున్నాయి. కావలసిన పన్నెండు బిళ్ళలూ ఆమె చేత్తో పరీక్షించినవే, స్టోర్స్‌లో మూడో అరలో ఉన్నాయి. ఒక్కోటి మూడు వందల గ్రాములు. కొంగులో దాచి తెద్దామంటే తూకం మిషను ఉంది. బిళ్ళ బరువుకు సరిపడా చెమట పట్టించుకుందామని రెండు రోజులు నీళ్ళు తాగకుండా ఎండలో తిరిగింది. కళ్ళు తిరిగి పడిపోయింది, బిళ్ళ మాత్రం రాలేదు.

పన్నెండో తారీఖున ఎండీ గారి గది బల్బు వెలిగించి, లోపలికి వెళ్ళింది. వరాహరాజు గారు చిక్కి సగమయ్యారు. బల్ల మీద చల్లారిన ఉప్మా ఉంది.

"బాబూ, పన్నెండంటే పన్నెండు బిళ్ళలు. మా తమ్ముడి బతుకు దాని మీదుందండి" అంది పోలమ్మ. జరిగిందంతా చెప్పింది.

ఆయన శ్రద్ధగా విన్నారు. "పోలమ్మా, నీ బాధ నాకు అర్థమవుతున్నది. కానీ ఫీడ్‌త్రూ గుండా పోవునది ఏది? విద్యుత్తు. ఫీడ్‌త్రూ తాను పోవునా? పోదు. అది గోడలో స్థిరముగా ఉండును. నేను మాత్రం సుఖంగా ఉన్నాననుకున్నావా? యాభై తొమ్మిది రోజులైంది పులుసు మొహం చూసి." చివరి మాట దగ్గర ఆయన గొంతు హీలియం లేకుండానే సన్నబడింది.

పోలమ్మకు ఆయన మీద జాలి వేసింది. కోపం కూడా వచ్చింది. రెండూ దిగమింగి, లేవబోతూ అడిగింది. "అంటే గోడలో ఏటి పెట్టినా తప్పేనా బాబూ?"

"గోడలో ఉండదగిన వస్తువు లోకంలో ఒక్కటే. ఫీడ్‌త్రూ."

పోలమ్మ మళ్ళీ కూర్చుంది.

"మరి మన ప్రహరీ గోడకి ఒక్కటీ నేదేటండి?"

వరాహరాజు గారి చెంచా చేతిలోనే ఉండిపోయింది. గదుల గోడలన్నింటికీ ఫీడ్‌త్రూలున్నాయి. లోకానికి కనిపించే ఒకే ఒక్క గోడ, ప్రహరీ గోడ, ఉత్త ఇటుకల గోడగా ఉండిపోయింది. శిక్షణ ఇచ్చినవాళ్ళు చూస్తే ఏమంటారు!

"ఎన్ని కావలెను?" అన్నారు ఆయన.

"పన్నెండు సాలండి. సముద్రం వైపు గోడకి. మూడో అరలోవి."

మర్నాడు పొద్దున పదకొండింటికి కొబ్బరికాయ కొట్టారు. గోడకు పన్నెండు కన్నాలు పెట్టి, ఈ చివర నుంచి ఆ చివరదాకా లోపల మర కోసిన పాత ఇనప గొట్టాలు సిమెంటుతో బిగించారు. బిళ్ళ అంచుకు కూడా మరలుంటాయి. లోపలి నుంచి పెట్టి తిప్పితే బిగుసుకుంటుంది.

"కాస్త ముందుకు తిప్పు పోలమ్మా" అన్నారు వరాహరాజు గారు ఉత్సాహంగా. "గోడ మధ్యలో దాక్కుంటే ఎలా? బయటి ప్రజలకు కనిపించవలెను. మన ఆదర్శము మెరవవలెను."

"ఇంకా ముందుకాండి?"

"ఇంకా. అంచు దాకా."

తాను అడుగుదామనుకుని, ఎలా అడగాలో తెలియక రాత్రంతా తన్నుకులాడిన మాట ఆయన నోటనే వచ్చేసరికి పోలమ్మకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. తల వంచుకుని పన్నెండింటినీ అంచుదాకా తిప్పింది. ధర్మలింగం రిజిస్టరులో రాశాడు: "ఆవరణ నుండి తరలినది: శూన్యము. గోడలో స్థిరపడినవి: పన్నెండు."

మధ్యాహ్నం మూడింటికి పోలమ్మ గోడ ఇవతల నిలబడింది. ముందురాత్రి ఇంట్లో అనుకున్నట్టే అవతల ఇసకలో అడుగుల చప్పుడైంది. సన్యాసిరావు దగ్గు వినిపించింది. మొదటి బిళ్ళ కిర్రుమని తిరిగింది, ఇంకోసారి తిరిగింది, పోయింది. దాని చోట గుండ్రటి వెలుతురు చుక్క వచ్చింది. తర్వాత రెండోది, మూడోది. పన్నెండు చుక్కలూ వచ్చేదాకా ఆమె వేళ్ళ మీద లెక్కపెడుతూనే ఉంది. ఆఖరి కన్నంలో ఎల్లాజీ కన్ను కనిపించింది.

"అప్పా, ఎల్తన్నాను" అంది ఆ కన్ను.

సాయంత్రం ఖాళీ కన్నాలు చూసి ధర్మలింగం గుండెలు బాదుకున్నాడు. విచారణ జరిగింది. గేటు రిజిస్టరు చూశారు, శూన్యము. తూకం పుస్తకం చూశారు, సిబ్బంది గ్రాముతో సహా సరిపోయారు. ఉపసంఘం రాత్రిలోగా తేల్చింది: "సదరు ఫీడ్‌త్రూలు గేటు దాటలేదు గనుక లోపలనే ఉన్నవి. లోపల కనబడుట లేదు గనుక గోడలో ఉన్నవి. గోడలో కూడ కనబడుట లేదు గనుక, దృష్టికి సైతము సందివ్వని అత్యున్నత శ్రేణి మూసివేత సాధింపబడినది." అయినా కన్నాలు కన్నాల్లాగే కనిపిస్తున్నాయి కనక, చూపరుల తృప్తి కోసం ఇంకో పన్నెండు బిగించమన్నారు. బిగించారు. మర్నాటి మధ్యాహ్నానికి అవి కూడా అత్యున్నత శ్రేణికి చేరాయి. రెండు రోజులు తిరిగేసరికి గోడ అవతల ఇంకో ఆరు కంపెనీల వాళ్ళు వరసలో నిలబడ్డారు. పోలమ్మ పొద్దున్నుంచి సాయంత్రందాకా బిళ్ళలు తిప్పుతూనే ఉంది. రెండు నెలలుగా పేరుకున్న సరుకులో సగం నాలుగు రోజుల్లో పోయింది, రిజిస్టరులో ఒక్క అక్షరం పడకుండా.

పద్దెనిమిదో తారీఖు ఒంటిగంటకు వరాహరాజు గారు గోడ తనిఖీకి వచ్చారు. వెనకాల ధర్మలింగం నియమావళి పట్టుకుని వచ్చాడు. ఆరో నంబరు కన్నం అప్పుడే ఖాళీ అయింది. అందులోంచి ముందు ఒక వాసన వచ్చింది. చింతపండు, పచ్చిమిర్చి, ఆ పొద్దున్నే ఒడ్డుకు వచ్చిన కోనాం చేప. తర్వాత సన్నటి స్టీలు డబ్బా ఒకటి మెల్లగా జరుగుతూ వచ్చింది. దాని వెనక ఎల్లాజీ గొంతు వినిపించింది.

"అప్పా, బోటు నిండిపోనాది! ఐసులో ఒక్క సేప పాడవనేదు. మొదటి కూర నీకేనంట, మీ మరదలు ఒండినాది."

పోలమ్మ డబ్బా అందుకుని గుండెకు హత్తుకుంది. పక్కకు చూస్తే ఎండీ గారు. ఆమె చేతులు ఆగిపోయాయి.

"అన్యపదార్థము!" అని ధర్మలింగం పుస్తకం తెరిచాడు. "గోడ గుండా అన్యపదార్థము దాటినది! ఏడో నిబంధన..."

వరాహరాజు గారు చెయ్యెత్తి ఆపారు. ఆయన కళ్ళు డబ్బా మీదే ఉన్నాయి. అరవై అయిదు రోజుల ఉప్మా ఆయన ముఖంలో కనిపిస్తోంది.

"పోలమ్మా" అన్నారు మెల్లగా. "ఇది విద్యుత్తేనా?"

పోలమ్మ ఆయన ముఖంలోకి చూసింది. కుయ్యిమనే యంత్రం ముందు ఇరవై ఎనిమిదేళ్ళు కూర్చున్న మనిషి, ఎక్కడ సందుందో ఆమెకు ఇట్టే తెలుస్తుంది. మూత తీసింది.

"నేను సెప్పడం ఎందుకు బాబూ, పరీచ్చ సేసి సూడండి."

ఆయన వేలు ముంచి నాలిక మీద రాసుకున్నారు. ఒళ్ళంతా ఒక్కసారి జలదరించింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"విద్యుత్తే" అన్నారు చివరికి. "నమోదు చెయ్యండి ధర్మలింగం. ఇక మీదట ఒంటిగంట సరఫరాకు అంతరాయం కలుగరాదు."